ఆలస్యమైన ఫిర్యాదు: ఒక అనుమానం పుట్టుపూర్వోత్తరాలు

1215 జూన్‌లో ఇంగ్లండ్ రాజు జాన్ రన్నీమీడ్ పచ్చికబయలులో అంగీకరించిన మాగ్నా కార్టాను తర్వాతి పండితులు 63 అంశాలుగా విభజించారు. వాటిలో 39వ అంశం లోకప్రసిద్ధం. తోటివారి తీర్పు గానీ దేశ చట్టం గానీ లేకుండా స్వేచ్ఛాజీవి ఎవరినీ నిర్బంధించరాదని అది చెబుతుంది. నిందితుడి హక్కుల గురించి ఈనాడు సాగే ప్రతి వాదం మూలం వెతుక్కుంటూ అక్కడికే వెళుతుంది. అదే పత్రంలో 54వ అంశాన్ని మాత్రం పెద్దగా ఎవరూ తలుచుకోరు. ఒక స్త్రీ మోపిన హత్యాభియోగం మీద ఎవరినీ నిర్బంధించరాదని, చనిపోయినవాడు ఆమె భర్త అయితేనే అందుకు మినహాయింపని అది శాసిస్తుంది. న్యాయమైన విచారణ హక్కు, ఆడదాని మాట మీద అనుమానం ఒకే పత్రంలో పక్కపక్కనే కనిపిస్తాయి. పాత లైంగిక ఆరోపణలు బయటపడినప్పుడల్లా ఈ రెండూ ఒకటేనన్నట్టు వాదన నడుస్తుంది. వాటి చరిత్రలు మాత్రం వేర్వేరు.

ఆ కాలపు ఇంగ్లండ్‌లో బాధితులే స్వయంగా అభియోగం మోపి, దాన్ని కోర్టులో నడుపుకోవాలి. ఆచరణలో స్త్రీకి ఆ అవకాశం ప్రధానంగా రెండు సందర్భాల్లోనే ఉండేది: భర్త హత్య, తన మీద జరిగిన అత్యాచారం. రెండోదానికి పాటించాల్సిన పద్ధతిని 13వ శతాబ్దంలో బ్రాక్టన్ పేరిట వెలువడిన న్యాయగ్రంథం వరుసగా వివరించింది. దాడి జరిగిన వెంటనే ఆమె కేకలు పెడుతూ దగ్గరి ఊరికి పరుగెత్తాలి. అక్కడి పెద్దమనుషులకు గాయాలను, నెత్తురును, చిరిగిన బట్టలను చూపించాలి. తర్వాత ఆ ప్రాంతపు అధికారి దగ్గరికి, రాజు నౌకరు దగ్గరికి, నేరాలను నమోదు చేసే కరోనర్ల దగ్గరికి, షెరిఫ్ దగ్గరికి వెళ్లి అదే సంగతి మళ్లీ చెప్పాలి. జిల్లా కోర్టు తొలి సమావేశంలో అభియోగం నమోదు చేయించుకోవాలి. కరోనర్ దాన్ని తన రికార్డు చుట్టలో రాసుకుంటాడు. ఆ తర్వాత రాజు పంపిన సంచార న్యాయమూర్తులు ఎప్పుడొస్తే అప్పుడు వారి ముందు నిలబడి మొత్తం తిరిగి చెప్పాలి. వారు ఒక జిల్లాకు వచ్చి వెళ్లాక మళ్లీ రావడానికి ఏళ్లు పట్టేది. ఆమె ఒక్క రోజు ఆగినా అనుమానమే, కోర్టు మాత్రం ఏళ్ల తరబడి ఆగవచ్చు.

అన్ని చోట్లా చెప్పిన మాటలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. కరోనర్ చుట్టలో ఒకటి ఉండి న్యాయమూర్తి ముందు మరొకటి పలికితే అభియోగం అక్కడికక్కడే వీగిపోయేది. ఓడిన స్త్రీని తప్పుడు అభియోగం నేరం కింద నిర్బంధించి జరిమానా వేసేవారు. 1321లో లండన్‌కు సంచార న్యాయమూర్తులు వచ్చినప్పుడు పదకొండేళ్ల బాలిక ఒక ద్రాక్షసారా వర్తకుడి మీద అభియోగం మోపింది. ఆమె చెప్పిన వివరాల్లో పొంతన లేదంటూ దాన్ని కొట్టేశారు. ఆపై రాజు తరఫున జరిగిన విచారణలోనూ వర్తకుడు నిర్దోషిగా బయటపడ్డాడు. పసిపిల్ల కాబట్టి బాలికను శిక్ష లేకుండా వదిలేశారు. ఆ వయసులో తేదీలు, మాటలు తడబడటం సహజమన్న ఆలోచన ఆ కోర్టుకు రాలేదు.

తొలిసారి గడువును అంకెల్లో రాసింది 1275 నాటి మొదటి వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం. బాధితురాలు నలభై రోజుల్లోగా అభియోగం తేవచ్చు. ఆ గడువు దాటితే కేసు మూతపడదు, రాజే నడుపుతాడు. శిక్ష రెండేళ్ల జైలు, దాని మీద రాజు వేసే జరిమానా. పదేళ్లకు, 1285లో వచ్చిన రెండో వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం శిక్షను మరణదండన దాకా పెంచింది. బాధితురాలికి వ్యవధి దాటినంత మాత్రాన నేరం చెల్లిపోదని ఏడున్నర శతాబ్దాల కిందటే గుర్తించారన్నది తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు.

ఆ పాత పద్ధతిలో క్రూరత్వం ఎంత ఉన్నా, విలువైనది కూడా ఒకటుంది. కేక వినగానే ఊరు కదలాలి, వెంటబడాలి. అధికారి వినాలి, రాసుకోవాలి. ఫిర్యాదు ఆ రోజే రాతలోకి ఎక్కేది కాబట్టి ఎన్నేళ్లకు విచారణ జరిగినా రెండు పక్షాలకూ ఒక ఆధారం మిగిలేది. తర్వాతి శతాబ్దాలు ఊరి బాధ్యతను వదిలేసి, ఆడదాని తొందర బాధ్యతను మాత్రం పట్టుకున్నాయి. ఫిర్యాదు తీసుకోని ఠాణాలు, వినని యాజమాన్యాలు, నోరు మూసుకోమన్న కుటుంబాలు ఉన్న చోట ఇరవై ఏళ్ల తర్వాత జ్ఞాపకం తప్ప ఏమీ మిగలదు. అందువల్ల నష్టపోయేది ఫిర్యాదుదారు ఒక్కరే కాదు, నిజంగా తప్పు చేయని నిందితుడు కూడా.

1285 తర్వాతి మూడు వందల ఏళ్లలో ముఖ్యమైన మలుపు 1354 చట్టం. సక్రమ న్యాయప్రక్రియ అన్న మాట ఇంగ్లండ్ శాసనాల్లోకి మొదట ఎక్కింది అందులోనే. ఆపైన చెప్పుకోవాల్సింది 17వ శతాబ్దపు న్యాయమూర్తి మాథ్యూ హేల్ గురించి. ఆయన 1676లో కన్నుమూశాక, 1736లో అచ్చయిన గ్రంథంలో అత్యాచార ఆరోపణ చేయడం తేలిక, రుజువు చేయడం కష్టం, నిర్దోషి దాన్ని ఎదుర్కోవడం మరీ కష్టమన్న హెచ్చరిక ఉంది. అవకాశం ఉండీ చాలాకాలం దాచిపెడితే ఆ మాటను శంకించాలనీ రాశారు. ఇదే హేల్ 1662లో బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో మంత్రగత్తెలన్న ఆరోపణ మీద ఇద్దరు వృద్ధ స్త్రీల విచారణకు అధ్యక్షత వహించారు. వారిద్దరినీ ఉరితీశారు. ఆరోపణ చేయడం తేలికన్న సూత్రం ఆ ఇద్దరికి రక్షణ కాలేదు.

1769లో ఆంగ్ల న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ ఆనాటి స్థితిని ఇలా నమోదు చేశారు: చట్టంలో గడువు ఇక లేదు, కానీ పాతబడిన ఫిర్యాదును జ్యూరీ అరుదుగా నమ్ముతుంది. గడువు శాసనం నుంచి తొలగిపోయి న్యాయం చెప్పేవారి మనసుల్లో స్థిరపడిందన్నమాట. హేల్ హెచ్చరికను జ్యూరీలకు చదివి వినిపించే ఆనవాయితీ అమెరికాలోనూ పాతుకుపోయింది. దాన్ని తప్పనిసరి చేయనక్కర్లేదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది 1975లో. మరో పక్క 1962 నాటి అమెరికా నమూనా శిక్షాస్మృతి మూడు నెలల్లో ఫిర్యాదు అందకపోతే కేసే నడపరాదని ప్రతిపాదించింది.

భారతదేశానికి ఈ వారసత్వం 1872 సాక్ష్య చట్టంతో వచ్చింది. బ్రిటిష్ న్యాయవేత్త జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన ఆ చట్టంలో 8వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉండేది. దాడి జరిగిన కాసేపటికే బాధితురాలు ఫిర్యాదు చేసిందన్న సంగతి, ఏ పరిస్థితిలో ఏ మాటలతో చేసిందన్నది సాక్ష్యానికి పనికొచ్చేవి. ఫిర్యాదు రూపంలో కాకుండా ఊరికే జరిగింది చెప్పుకుంటే ఆ సెక్షన్ కింద పనికొచ్చేది కాదు. వెంటనే చెప్పడం బలమన్నది చట్టం మాట. వెంటనే చెప్పకపోవడం అబద్ధమన్నది కోర్టుల్లో వాదనగా పెరిగిన మాట.

ఆ వాదనను కుదిపిన కేసు పంజాబ్‌ది. 1984లో పరీక్ష రాసి వస్తున్న, పదహారేళ్లు నిండని విద్యార్థినిని ఎత్తుకుపోయి సామూహిక అత్యాచారం చేశారు. తండ్రి మొదట సర్పంచ్ దగ్గరికి వెళ్లాడు. పంచాయితీ పెట్టించే ప్రయత్నం జరిగింది. ఫలితం లేక పోలీసుల దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని కూడా ఒక కారణంగా చూపి కింది కోర్టు నిందితులను వదిలేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. కుటుంబ గౌరవం గురించిన భయంతో, చాలా ఆలోచించాకే ఇలాంటి ఫిర్యాదులు వస్తాయని, వివరణ ఉన్న ఆలస్యం కేసును చంపదని చెప్పింది. మౌనానికి వైద్యపరమైన వివరణ అంతకుముందే వచ్చింది. 1974లో వెలువడిన అధ్యయనంలో పరిశోధకులు ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రోమ్ బోస్టన్ సిటీ ఆస్పత్రికి వచ్చిన బాధితులను పరిశీలించారు. కొందరు ఏడుస్తారని, మరికొందరు పైకి ప్రశాంతంగా, ఏమీ జరగనట్టు కనిపిస్తారని నమోదు చేశారు.

కాలపరిమితి లెక్క విషయంలో 2024 జూన్ దాకా 1973 నేరవిచారణ స్మృతి 468వ సెక్షనే పునాది. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు గడువు లేదు కాబట్టి అత్యాచారం కేసుకు ఎప్పుడూ గడువు లేదు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే దాడికి 2013 దాకా గరిష్ఠ శిక్ష రెండేళ్లే, అందువల్ల మూడేళ్లు దాటితే కోర్టు తలుపు మూసుకునేది. ఆ ఏడాది సవరణ శిక్షను ఐదేళ్లకు పెంచాక ఆ నేరానికి గడువు పోయింది. లైంగిక వేధింపుకు మాత్రం మూడేళ్ల గడువు ఉంది, న్యాయం కోసం అవసరమనిపిస్తే కోర్టు ఆలస్యాన్ని మన్నించవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త స్మృతిలోనూ ఇదే ఏర్పాటు. పని ప్రదేశాల కోసం 2013లో వచ్చిన చట్టం మూడు నెలల గడువు పెట్టి, కారణం రాసి మరో మూడు నెలలు పొడిగించే వీలిచ్చింది. బాస్ కింద జీతం తీసుకుంటున్న మనిషికి ఆరు నెలలు చాలా తక్కువ వ్యవధి. ఉద్యోగం మారాకే నోరు విప్పగలిగేవారిని ఈ గడువు బయటే నిలబెడుతుంది.

నిందితుడి పక్షాన న్యాయం కూడా ఈ పని ప్రదేశాల చట్టంలో, దాని నియమాల్లో ఉంది. ఫిర్యాదు ప్రతి అతనికి ఏడు పనిదినాల్లో అందాలి, జవాబుకు పది పనిదినాలు ఇవ్వాలి. తొంభై రోజుల్లో విచారణ ముగియాలి. రుజువు చేయలేకపోవడం వేరు, దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు చేయడం వేరు అని చట్టం విడమరిచింది. గోవాలో ఒక అధ్యాపకుడి కేసులో కమిటీ హడావుడిగా విచారణ ముగించిందని, సహజ న్యాయసూత్రాలు పాటించలేదని 2023 మేలో సుప్రీంకోర్టు అతని తొలగింపును రద్దు చేసి విచారణను వెనక్కి పంపింది. అంతకుముందే అమెరికా కోర్టులు రెండు గట్టి హద్దులు గీశాయి. గడువు తీరిపోయిన నేరానికి కొత్త చట్టంతో ప్రాణం పోయరాదని అక్కడి సుప్రీంకోర్టు 2003లో అంది. లైంగిక దాడి కేసులో నటుడు బిల్ కాస్బీకి ఒక ప్రాసిక్యూటర్ ఇచ్చిన హామీని తర్వాతి ప్రాసిక్యూటర్ కాలదన్నినందుకు పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2021లో అతని శిక్షను కొట్టేసింది. ఎందరికో ఆ తీర్పు మింగుడుపడలేదు. అయినా రాజ్యం తన మాట తప్పి శిక్షలు వేయడం మొదలుపెడితే రేపు ఎవరికీ రక్షణ ఉండదు.

ఆరోపణను బయట చెప్పే హక్కు మీద భారతదేశంలో ముఖ్యమైన తీర్పు 2021 ఫిబ్రవరి 17న వచ్చింది. 1993 నాటి సంఘటనను పాత్రికేయురాలు ప్రియా రమణి 2018లో పేరు పెట్టి చెప్పారు. అప్పటి కేంద్ర సహాయమంత్రి ఎం.జె. అక్బర్ ఆరోపణలను ఖండించి, పదవికి రాజీనామా చేసి, పరువునష్టం కేసు నడిపారు. దశాబ్దాల తర్వాతైనా తనకు నచ్చిన వేదిక మీద గోడు చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందంటూ ఢిల్లీ కోర్టు రమణిని నిర్దోషిగా ప్రకటించింది. అక్బర్ అప్పీలు చేశారు.

2018లో హైదరాబాద్‌లో సినీ కళాకారిణుల నిరసనల తర్వాత తెలంగాణ ప్రభుత్వం పరిశ్రమలో వేధింపుల మీద కమిటీ వేసింది. 2022లో అందిన ఆ నివేదికను బయటపెట్టాలన్న డిమాండ్, 2024 ఆగస్టులో కేరళలో మలయాళ చిత్రపరిశ్రమ మీద హేమ కమిటీ నివేదిక వెలువడ్డాక మళ్లీ లేచింది. విన్నదాన్ని అటకెక్కించే వ్యవస్థ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఎవరినీ అడగజాలదు.

2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసులో ఈ చిక్కంతా ఉంది. ఒక ఉపకులపతి మీద మహిళా అధ్యాపకురాలి ఫిర్యాదు ఆరు నెలలు దాటి అందినందున చెల్లదని కోర్టు తేల్చింది. అదే నోటితో ఆ తీర్పును ఉపకులపతి తన బయోడేటాలో చేర్చాలని ఆదేశించింది. ఫిర్యాదుదారుకు విచారణ దొరకలేదు, నిందితుడికి తన నిర్దోషిత్వం నిరూపించుకునే అవకాశం రాలేదు, మచ్చ మాత్రం మిగిలింది. గడువు ఇద్దరిలో ఎవరికీ న్యాయం చేయలేదు. కాలం గడిస్తే సాక్ష్యం బలహీనపడుతుంది. ఆ బలహీనత ఎంతో తూచాల్సింది విచారణలోనే. ఆలస్యమైన ప్రతి ఫిర్యాదునూ స్వీకరించి, నిందితుడికి నోటీసు, జవాబు, ప్రశ్నించే అవకాశం, కారణాలు రాసిన తీర్పు ఇవ్వడమే సక్రమ న్యాయప్రక్రియ. అందుకోసం పని ప్రదేశాల చట్టంలోని మూడు నెలల గడువును సవరించాలి, తొలిరోజే ఫిర్యాదు రాసుకునే బాధ్యతను సంస్థల మీద, ఠాణాల మీద గట్టిగా మోపాలి.