లేని దేశానికి కొలతలు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి 1974లో ఒక ఆటపెట్టె మార్కెట్లోకి వచ్చింది. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఆటగాళ్లు పాత్రలుగా మారి మాటలతోనే కథను నడిపే ఆట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మూడు చిన్న పుస్తకాలు అందులో ఉన్నాయి గానీ ఆడుకోవడానికి బోర్డు లేదు. అడవులూ కొండలూ దాటే ప్రయాణాలకు అవలాన్ హిల్ అనే వేరే కంపెనీ ఆట అవుట్‌డోర్ సర్వైవల్ కొనుక్కుని, దాని బోర్డు వాడుకోండని ఆ పుస్తకాల్లోనే రాశారు. అడవిలో దారితప్పినవాడు ఆకలిదప్పులకు ఓర్చి బయటపడే ఆట అది, 1972లో వచ్చింది. దాని బోర్డు మీది నీటి మడుగులను కోటలనుకోవాలి, ఇళ్ల గుర్తులను పట్టణాలనుకోవాలి. ఒక్కో గడి వెడల్పు ఐదు మైళ్లు.

ఊహాలోకాల మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ కథ ఈ అరువు బోర్డుతోనే మొదలైందని చెప్పాలి. కథల పుస్తకాల్లో మ్యాపులు అంతకుముందు లేక కాదు. టోల్కీన్ 1937లో ‘ది హాబిట్’ను మ్యాపులతోనే అచ్చు వేయించాడు. ఆ తర్వాతి పెద్ద నవల రాసేటప్పుడు దూరాలూ రోజులూ మ్యాపుతో సరిచూసుకుంటూ రాశాడు. అయితే ఆ లెక్కల బాధ రచయితది. పాఠకుడు కథ వెంట నడిస్తే చాలు. ఆటలో కథ ఎటు మలుపు తిరుగుతుందో నడిపించే గేమ్ మాస్టర్‌కే తెలియదు. ఆటగాళ్లు ఉన్నట్టుండి ‘మేం ఉత్తరానికి పోతాం’ అంటే, ఎన్ని రోజులు పడుతుంది, ఏరు ఎక్కడ దాటాలి, చీకటి పడేలోపు ఊరు తగులుతుందా అన్నవాటికి అప్పటికప్పుడు జవాబు కావాలి. అందుకని ఈ మ్యాపుకు అందం కంటే కొలత ముఖ్యమైంది.

ఆరు మూలల గడి

కొలతకు మొదటి సాధనం గడి. నేలమాళిగల్లో తిరిగే ఆటకు గళ్ల కాగితం సరిపోయింది. గడికి పది అడుగులన్నది వాడుక. బయటి ప్రపంచానికి మాత్రం చదరపు గడి కుదరలేదు. అడ్డంగానో నిలువుగానో పక్క గడికి వెళితే దూరం ఒకటి, మూలగా వెళితే 1.41. ఆరు మూలల గడిలో ఈ తేడా లేదు. చుట్టూ ఉన్న ఆరు గళ్ల నడిబొడ్డులూ సమాన దూరంలోనే ఉంటాయి. యుద్ధాల ఆటలు తయారుచేసే అవలాన్ హిల్ 1961లోనే ఈ గడిని బోర్డు మీదికి తెచ్చింది. 1980లో వెలువడిన గ్రేహాక్ అనే ఆటలోకానికి డార్లీన్ అనే చిత్రకారిణి రంగుల్లో గీసిన రెండు పెద్ద షీట్ల మీదా ఇవే గళ్లు. అక్కడ గడికి 30 మైళ్లు.

ఒకే లోకానికి రెండు మ్యాపులు

రెండో అవసరం దాపరికం. గేమ్ మాస్టర్‌కు అన్నీ తెలియాలి, ఆటగాళ్లకు తాము చూసినంతే తెలియాలి. ఇలినాయ్ రాష్ట్రంలోని డెకేటర్‌లో బాబ్ బ్లెడ్‌సా నడిపిన జడ్జెస్ గిల్డ్ సంస్థ 1977లో తెచ్చిన వైల్డర్‌ల్యాండ్స్ ఆఫ్ హై ఫాంటసీ అనే ఆటలోకంలో ఒక్కో ప్రాంతానికీ రెండేసి మ్యాపులు ఇచ్చింది. ఒకటి అన్ని వివరాలతో గేమ్ మాస్టర్‌కు. రెండోది చాలా వివరాలు ఎత్తేసి ఆటగాళ్లకు. వాళ్లు తిరిగి చూసినవన్నీ అందులో నింపుకుంటూ పోవాలి. ఒకే భూమిని రెండుసార్లు గీసి, మార్పు వస్తే రెండుచోట్లా దిద్దుకోవడం కాగితం మీద ఎంత పనో గీసినవాళ్లకే తెలుసు.

ఇంజినీర్ల పనిముట్టు

ఈ రెండు అవసరాలూ తీర్చే పనిముట్టు బొమ్మలు వేసే ప్రోగ్రాముల వైపు నుంచి రాలేదు, భవనాలకూ యంత్రాలకూ ప్లాన్లు గీసే క్యాడ్ ప్రోగ్రాముల వైపు నుంచి వచ్చింది. మైక్ రిడిల్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ రాసిన ఇంటరాక్ట్ ఆధారంగానే 1982లో ఆటోక్యాడ్ తయారైంది. ఆ తర్వాత ఆయనే ఫాస్ట్‌క్యాడ్ రాశాడు. లండన్‌లోని ప్రోఫాంటసీ సంస్థ ఆ ఫాస్ట్‌క్యాడ్ ఇంజిన్ మీద క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్‌ను కట్టి 1993లో డాస్ కంప్యూటర్లకు విడుదల చేసింది. అంటే సివిల్ ఇంజినీర్ టేబుల్ మీది పనిముట్టూ, డ్రాగన్ గుహ గీసే పనిముట్టూ దగ్గరి చుట్టాలే.

క్యాడ్‌లో గీత అంటే చుక్కల వరస కాదు, అంకెల జత. ఇక్కడ మొదలు, అక్కడ ముగింపు అని కంప్యూటర్ గుర్తుంచుకుంటుంది. కాబట్టి ఖండం మొత్తం చూస్తున్న మ్యాపులో ఒక ఊరి దగ్గరికి ఎంత జరిగినా గీత చెదరదు, రెండు చోట్ల మధ్య దూరం అడిగితే మైళ్లలో చెబుతుంది. ప్లాన్లలో కరెంటు తీగలు ఒక పొర మీద, నీళ్ల గొట్టాలు మరో పొర మీద ఉంటాయి. రహస్య ద్వారాలకూ అదే పద్ధతి పనికొచ్చింది. ఆ పొర ఆపేస్తే మిగిలేది ఆటగాళ్ల మ్యాపు. జడ్జెస్ గిల్డ్ రెండుసార్లు గీసింది ఇక్కడ ఒక్కసారి గీస్తే చాలు.

క్యాడ్ తెచ్చిన తిప్పలూ ఉన్నాయి. ఏం చేయాలో ముందు చెప్పి, దేనిమీద చేయాలో తర్వాత చూపించాలి. మామూలు విండోస్ ప్రోగ్రాములకు అలవాటుపడ్డ చేతికి ఇది తలకిందుల వ్యవహారం.

గీత వంకర తిరగాలి

క్యాడ్ గీత తిన్నగా ఉంటుంది, సముద్రతీరం అలా ఉండదు. తీరం ఎలా వంకర తిరుగుతుందన్న ప్రశ్నను గణితశాస్త్రంలోకి తెచ్చిన వ్యాసం బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరం పొడవు గురించి రాసింది. కొలబద్ద ఎంత చిన్నదైతే పొడవు అంత పెరుగుతుందన్నది అందులోని సంగతి. ఈ గణితంతోనే లోరెన్ కార్పెంటర్ 1980లో కొండల మీదుగా ఎగిరే చిన్న కంప్యూటర్ సినిమా తీశాడు. కిటుకు చిన్నదే. ఒక గీత తీసుకుని దాని నడిమధ్యను కాస్త పైకో కిందికో జరపాలి. రెండు ముక్కలకూ మళ్లీ అదే పని, ఈసారి తక్కువగా. ఇలా పది పన్నెండుసార్లు చేస్తే గీత తీరరేఖ అవుతుంది. మ్యాపు ప్రోగ్రాముల్లో నాలుగైదు చోట్ల నొక్కగానే దానంతటదే వంకరలు పోయే గీత ఈ కోవలోదే.

నది ఎటు పారాలి

తీరం, కొండలు యాదృచ్ఛికంగా కుదిరినా నదులు కుదరవు. యాదృచ్ఛిక అంకెలతో వేసిన కొండల మధ్య ఎక్కడపడితే అక్కడ గుంటలుంటాయి. కొండ మీంచి దిగిన నది సముద్రం చేరకుండా అందులో చిక్కుకుపోతుంది. చేత్తో గీసేవాళ్లది మరో పొరపాటు. ఎగువనే నదిని రెండు పాయలు చేసేస్తారు. నదులు దారిలో కలుస్తాయే గానీ మామూలుగా చీలవు. గోదావరి కూడా గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోయేది ధవళేశ్వరం దగ్గర, సముద్రం ఎంతో దూరం లేదనగా.

అమిత్ పటేల్ అనే ప్రోగ్రామర్ 2010లో సమస్యను తిరగేసి పట్టుకున్నాడు. ముందు కొండలు పోసి తర్వాత నీరు వదలడం మానేసి, ముందు తీరం గీశాడు. తీరానికి ఎంత దూరమైతే నేల అంత ఎత్తు అన్నాడు. అప్పుడు ఏ చోటు నుంచి చూసినా సముద్రం వైపు పల్లమే. నది చిక్కుకునే గుంట ఉండదు. పటేల్ పద్ధతినీ, మార్టిన్ ఓలియరీ నేలకోతను లెక్కించిన పద్ధతినీ చూసి స్ఫూర్తి పొంది, 2017లో అజ్‌గార్ పేరుతో ఒక జనరేటర్ వచ్చింది. బ్రౌజర్ తెరిచి మీట నొక్కితే ఖండాలు, రాజ్యాలు, దారులు, మతాలు అన్నీ వేసి ఇస్తుంది. ప్రతి లోకానికీ ఒక బీజసంఖ్య ఉంటుంది. అవే అమరికలతో అదే సంఖ్య ఇస్తే అదే లోకం మళ్లీ వస్తుంది.

ఇదే కాలంలో ఇంకార్నేట్, వండర్‌డ్రాఫ్ట్ లాంటి మ్యాపు ప్రోగ్రాములు కుంచెను తిరిగి చేతికిచ్చాయి. క్యాడ్ నేర్చుకునే ఓపిక లేనివాళ్లకు ఇవి వరమయ్యాయి, మ్యాపులకు అందమూ వచ్చింది. అంతమాత్రాన మ్యాపు గోడకు తగిలించే బొమ్మ అయిపోలేదు. రోల్20 లాంటి ఆన్‌లైన్ టేబుళ్లు 2012 నుంచి ఆటను ఇంటర్నెట్‌లోకి తెచ్చాక, కొలత పని మరో మెట్టెక్కింది. 2020లో వచ్చిన డంజన్‌డ్రాఫ్ట్ అనే ప్రోగ్రాములో గీసిన మ్యాపును దాచుకుంటే బొమ్మతో పాటు గోడలెక్కడ, తలుపులెక్కడ, దీపాలెక్కడ అన్న వివరం కూడా ఫైల్లోకి వెళుతుంది. దాన్ని ఆన్‌లైన్ టేబుల్ మీద తెరిస్తే, ఏ పాత్ర నిలబడ్డ చోటి నుంచి ఎంత మేర కనబడుతుందో కంప్యూటరే లెక్కకట్టి మిగతాది చీకటిగా ఉంచుతుంది. రెండు మ్యాపులతో మొదలైన దాపరికం ఇప్పుడు ఆటగాడికొక మ్యాపు దాకా వచ్చింది. గీసేవాడు మాత్రం ఒక్కసారే గీస్తున్నాడు.