లారీ మానిఫోల్డు, దాని నట్టు



మన గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో పండిన ప్రత్తియు మిరపయు ఏ త్రోవలను అంగళ్లకు చేరినవో చెప్పుకొనునప్పుడు, ఒంగోలు గిత్తల బండ్లను, కొమ్మమూరు కాలువ పడవలను తలంచుట వాడుక. లారీ చరిత్రమును అంతగా తలంపము. ఆ చరిత్రమును తెలిసికొనుటకు లారీయంతయు విప్పనక్కర లేదు. ఇంజను ప్రక్కనున్న మానిఫోల్డును బిగించు నట్టు చాలును.

మానిఫోల్డనగా, సిలిండర్లలో కాలిన పొగను కూడగట్టి సైలెన్సరునకు పంపెడి పోతయినుప గొట్టము. బరువు లాగునపుడు దాని వేడి 500 డిగ్రీలు దాటవచ్చును. వేడికి సాగును, చల్లారి కుదియును. ఈ రాకపోకలకు నట్టు వదులైనను, స్టడ్డు విరిగినను సందు విడుచును. ఆ సందునుండి వెడలు వేడిపొగ దగ్గరనున్న తీగలను, నూనె గొట్టములను కాల్చవచ్చును. వెనుకనున్నది ప్రత్తి బేళ్లయినచో చెప్పవలసినదేమున్నది? పెట్రోలు బండ్లలో మరియొక అపాయము కలదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. అది డ్రైవరు గదిలోనికి చేరినచో, నిద్రమత్తువలె వచ్చి ప్రాణమునే తీయగలదు.

ఇక మర సంగతి. 1841లో ఇంగ్లండునందు జోసెఫ్ విట్వర్తు మరలన్నిటికి ఒక్క కొలతను ప్రతిపాదించెను. మర పంటి కోణము 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీల కోణమును సూచించెను. అందుచేత కొన్ని కొలతలలో అంగుళమునకు చుట్లు సమానమైనను, ఒక దేశపు నట్టు మరియొక దేశపు స్టడ్డుపై సరిగా కూర్చుండదు. యుద్ధకాలమున ఈ భేదము మిత్రరాజ్యములను మిక్కిలి చిక్కులు పెట్టెను. తుదకు 1948లో ఇంగ్లండు, అమెరికా, కెనడాలు ఒక ఉమ్మడి మరకు ఒడంబడినవి. ఐరోపా ఖండమునందలి దేశములు మాత్రము మిల్లీమీటరు మరనే నమ్ముకొని యుండెను.

ఈ దూరదేశపు తగవులు మన పల్లెదారులకును వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము వదలుకొన్న అమెరికా లారీలు మనదేశమున అమ్మకమునకు వచ్చినవి. వానివి అంగుళపు మరలు. 1954లో జంషెడ్‌పూరునుండి టాటా మెర్సిడెస్ బండ్లు బయలుదేరెను. అవి జర్మనీ మాదిరి, మిల్లీమీటరు మరలు. 1955లో ఎన్నూరు కర్మాగారము అశోక్ లేలండు అను పేరు దాల్చినది. దాని తొలినాటి బండ్లు ఇంగ్లండు వరుసవి. 1956లో మనదేశము మెట్రిక్ కొలతలకు చట్టము చేసినను, పాతబండ్ల మరలు చట్టముతో మారవు గదా!

దీనివలన వచ్చు చిక్కు వినుడు. అంగుళములో 16 భాగములకు 5 భాగముల స్టడ్డునకును, 8 మిల్లీమీటర్ల స్టడ్డునకును లావులో భేదము మిల్లీమీటరులో 16వ వంతు మాత్రమే. కంటికి ఒక్కటే. నట్టు రెండుచుట్లు తిరిగి బిగుసుకొనును. అంతట తొందరపాటువాడు పానాతో లాగును, మర చెడును. నేను చూచిన షెడ్లలో తలనెరసిన మేస్త్రీలు నట్టును ముందుగా వ్రేళ్లతోనే త్రిప్పి చూతురు. వ్రేళ్లకు లొంగని నట్టును ప్రక్కన పెట్టుదురు.

లోహపు ఎన్నికయు ముఖ్యమే. పాత బండ్లకు ఉక్కు స్టడ్డుపై ఇత్తడి నట్టు బిగించుట పెద్దల వాడుక. ఇత్తడి త్రుప్పుతో ఉక్కునకు అంటుకొనదు. విప్పునపుడు తెగిన తెగును గాని, సిలిండరు హెడ్డులోని స్టడ్డును విరువదు. నట్టు పోయినచో కొద్ది రొక్కము. స్టడ్డు విరిగినచో దినమంతయు పని. తుత్తునాగపు పూతగల నట్టు తళతళలాడును గాని, ఆ లోహము 420 డిగ్రీల దగ్గర కరగును. త్రుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ స్టీలును కోరువారు కలరు. అందు పెక్కురకములు సాధారణపు ఉక్కుకంటె ఎక్కువ సాగును, తమలో తాము రాచుకొని పట్టివేయును. టర్బో కలిగిన నేటి ఇంజన్ల వేడి అధికము గనుక, వానికి తయారుదారు చెప్పిన వేడికోర్చు ఉక్కే తగును.

బిగించునపుడు నడుమనుండి ఆరంభించి, ఇరుప్రక్కలకు క్రమముగా పోవలెను. మానిఫోల్డు రంధ్రములు స్టడ్డుకంటె కొంచెము పెద్దవి. సాగినపుడు జరుగుటకే ఆ యెడము. దానిని పూడ్పరాదు. పాత గాస్కెట్లలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును, పొడిగా గీకినచో ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు, తడిపి తీయవలెను.

కావున లారీగల పెద్దలారా! మానిఫోల్డు మార్పించునపుడు పాత నట్టును పారవేయక, ఆ నమూనాను అంగడికి పంపుడు. అది ఏ దేశపు మరయో, ఏ లోహమో తెలిసికొని కొనిపింపుడు. మిరప బస్తాల వెల మీకు తెలియును; బండి నడపువాని ప్రాణమునకు వెల లేదు.