జయప్రకాశ్ రెడ్డి: ఒకసారి వెనక్కి వెళ్లిపోయిన నటుడు.. లెక్కల మాస్టారు సీమ విలన్ ఎలా అయ్యారు?

జయప్రకాశ్ రెడ్డి.. ఈ పేరు వినగానే తెల్ల చొక్కా, తెల్ల పంచె, గుబురు మీసం, రాయలసీమ యాస గుర్తొస్తాయి. ఆయన సీన్లు ఇప్పటికీ టీవీల్లో వస్తూనే ఉన్నాయి, ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. అయితే ఒక దశలో ఆయన సినిమాలు వదిలేసి, మళ్లీ బడికి వెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పుకున్నారన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయనకు అసలు బ్రేక్ వచ్చింది ఆ తర్వాతే. అప్పటికి వయసు యాభై దాటింది.

ఎస్సై గారబ్బాయి

జయప్రకాశ్ రెడ్డి 1946లో అప్పటి కర్నూలు జిల్లా శిరివెళ్ల మండలం వీరారెడ్డిపల్లెలో పుట్టారు. ఇప్పుడు ఈ ప్రాంతం నంద్యాల జిల్లాలో ఉంది. తండ్రి పోలీస్ శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్. బదిలీలతో పాటే కుటుంబమూ ఊళ్లు మారింది. నెల్లూరు, అనంతపురంలో ఆయన చదువు సాగింది. నాటకాల పిచ్చి చదువుకునే రోజుల్లోనే పట్టుకుంది. తర్వాత గుంటూరులో లెక్కల మాస్టారుగా ఉద్యోగం వచ్చింది. పగలు బడి, సాయంత్రం రిహార్సల్స్.. చాలా ఏళ్లు ఇదే దినచర్య.

దాసరి కంట్లో పడ్డారు

నల్గొండలో ఒక నాటకం వేస్తుండగా దర్శకుడు దాసరి నారాయణరావు ఆయన నటన చూశారు. నచ్చి, నిర్మాత డి. రామానాయుడికి పరిచయం చేశారు. అలా 1988లో వెంకటేశ్ హీరోగా దాసరి తీసిన ‘బ్రహ్మపుత్రుడు’తో జయప్రకాశ్ రెడ్డి వెండితెరకు వచ్చారు. అప్పటికే ఆయనకు నలభై దాటాయి.

అవకాశాలైతే వచ్చాయి గానీ అన్నీ చిన్న పాత్రలే. వాటితో ఇల్లు గడవడం కష్టమైంది. డబ్బు ఇబ్బందులు చుట్టుముట్టాయి. దాంతో 1990ల మొదట్లో సినిమాలకు దండం పెట్టి గుంటూరు తిరిగి వెళ్లిపోయారు. మళ్లీ చాక్‌పీస్ పట్టారు. ఆ వయసులో వెనక్కి వెళ్లిన నటుడు మళ్లీ తెర మీద కనిపించడం అరుదు.

తలరాత మార్చిన 1997

కొన్నేళ్లకు పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు మళ్లీ రామానాయుడి కంట్లో పడ్డారు. ఆ టైమ్‌లో సురేశ్ ప్రొడక్షన్స్ కొత్త దర్శకుడు జయంత్ సి. పరాన్జీతో ‘ప్రేమించుకుందాం రా’ తీస్తోంది. అందులో ఫ్యాక్షన్ నాయకుడు వీరభద్రయ్య పాత్ర ఆయనకు దక్కింది. 1997లో సినిమా విడుదలై పెద్ద హిట్ అయింది. హీరో హీరోయిన్ల ప్రేమకథ ఎంత నచ్చిందో, సీమ యాసలో బెదిరించే విలన్ కూడా జనానికి అంతే నచ్చాడు.

ఆ తర్వాత ఫ్యాక్షన్ సినిమాల కాలం మొదలైంది. 1999లో బి. గోపాల్ దర్శకత్వంలో బాలకృష్ణ నటించిన ‘సమరసింహారెడ్డి’లో వీర రాఘవరెడ్డిగా భయపెట్టారు. 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘చెన్నకేశవరెడ్డి’.. వరుసగా పెద్ద సినిమాలే. 2000లో వచ్చిన ‘జయం మనదేరా’కు ఉత్తమ విలన్‌గా నంది అవార్డు అందుకున్నారు. ‘బ్రహ్మపుత్రుడు’, ‘ప్రేమించుకుందాం రా’, ‘జయం మనదేరా’.. ఈ మూడింట్లోనూ హీరో వెంకటేశే, బ్యానర్ కూడా ఒకటే.

భయపెట్టిన యాసే నవ్వించింది

ఒకే రకం పాత్రలతో ముద్ర పడిపోతే నటుడికి ఇబ్బందే. ఫ్యాక్షన్ సినిమాల జోరు తగ్గాక చాలామంది విలన్లు వెనకబడ్డారు. జయప్రకాశ్ రెడ్డి మాత్రం అదే యాసను, అదే గంభీరాన్ని కామెడీకి వాడుకున్నారు. ‘కబడ్డీ కబడ్డీ’, ‘ఎవడి గోల వాడిది’ లాంటి సినిమాల్లో కడుపుబ్బ నవ్వించారు. 2008లో శ్రీను వైట్ల ‘రెడీ’లో కోట శ్రీనివాసరావుతో పోటీపడ్డారు. మొహం సీరియస్‌గా పెట్టి మాట్లాడుతుంటే చూసేవాళ్లు నవ్వు ఆపుకోలేరు. తమిళంలోనూ ‘ఆరు’ లాంటి సినిమాల్లో నటించారు.

స్టేజీ మీద ఒక్కడే

ఇంత పేరొచ్చాక కూడా ఆయన నాటకాన్ని వదల్లేదు. పూసల రాసిన ‘అలెగ్జాండర్’ అందుకు పెద్ద ఉదాహరణ. ఇది ఏకపాత్ర నాటకం. దాదాపు వంద నిమిషాల పాటు రంగస్థలం మీద ఆయన ఒక్కరే కనిపిస్తారు. సినిమాలో అయితే డైలాగ్ తప్పితే ఇంకో టేక్ ఉంటుంది, డబ్బింగ్‌లో సరిదిద్దుకోవచ్చు. స్టేజీ మీద ఆ వీలు లేదు. మాట అందించే తోటి నటుడూ ఉండడు. పెద్ద వయసులో, చేతి నిండా సినిమాలున్నప్పుడు ఇలాంటి నాటకం పెట్టుకోవాల్సిన అవసరం ఆయనకు లేదు. ఇష్టంతోనే చేశారు.

గుంటూరులోనే చివరి శ్వాస

2020 జనవరిలో వచ్చిన మహేశ్ బాబు ‘సరిలేరు నీకెవ్వరు’లోనూ జయప్రకాశ్ రెడ్డి నవ్వించారు. ఆ ఏడాది కరోనాతో షూటింగులు ఆగిపోయాయి. సెప్టెంబర్ 8 ఉదయం గుంటూరులోని ఇంట్లో గుండెపోటుతో కుప్పకూలి కన్నుమూశారు. వయసు 74 ఏళ్లు. ప్రధాని నరేంద్ర మోదీ సైతం తెలుగులో ట్వీట్ చేసి సంతాపం తెలిపారు.

పాఠాలు చెప్పింది గుంటూరులోనే, సినిమాలు కలిసిరాక తిరిగి వెళ్లింది గుంటూరుకే, చివరి రోజులు గడిపిందీ ఆ ఊళ్లోనే. యాభై దాటాక ఇంకేం అవకాశాలు వస్తాయిలే అనుకునే నటులకు ఈ లెక్కల మాస్టారి జీవితమే సమాధానం.