తడి జుట్టుకు వేడి ఇస్త్రీ

తడి జుట్టునే సాపు చేస్తుందంటూ అమ్మే కరెంటు స్ట్రెయిటనర్ కొనాలా, వద్దా? బాన్సువాడ బజారుకెళ్లే నస్రుల్లాబాద్ ఇల్లాలికైనా, పట్నంలో ఉన్న మీకైనా సందేహం ఒకటే. కాస్త పాతరోజులు తిరగేస్తే జవాబు దొరుకుతుంది.

మన అమ్మమ్మలు కుంకుడుకాయలతో తలంటి, ముందు తువ్వాలుతో తడి ఒత్తేవారు. ఆ తర్వాతే సాంబ్రాణి. జుట్టు నిప్పులకు ఆనేది కాదు, వెచ్చని పొగే తగిలేది. 1872లో పారిస్‌లో మార్సెల్ గ్రాటో అనే ఆయన కాల్చిన పట్టకారుతో జుట్టుకు వంకులు తిప్పాడు. ఆ పట్టకారును ముందు కాగితానికి తాకించి చూసేవారు. కాగితం మాడితే చల్లారనిచ్చేవారు.

ఇప్పటి స్ట్రెయిటనర్ల వేడి 180, 200 డిగ్రీల దాకా పోతుంది. నీళ్లు మరిగేది 100 డిగ్రీలకే కదా! తడి వెంట్రుకను అందులో నొక్కితే లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది. వెంట్రుక పెళుసుబారి తెగుతుంది. వెంట్రుకలో ఇలా బుడగలు కట్టడాన్ని వైద్యులు 1986లోనే వివరించారు. తడి జుట్టు స్ట్రెయిటనర్‌కు ఆవిరి పోయే కంతలుంటాయి, నిజమే. కాని వాటిగుండా పోయేది బయటి ఆవిరి. వెంట్రుక లోపలి సంగతేమిటి?

అందుకే, కొనవద్దనే నా సలహా. తడిజడ ఆరాక విప్పితే వంకులు కనపడవూ? జుట్టును మలిచే గుణం నీళ్లకే ఉంది. వెడల్పు పళ్ల దువ్వెనతో మెల్లగా చిక్కుతీసి, నిటారుగా ఆరనివ్వండి. కావాలంటే పూర్తిగా ఆరాకే మామూలు స్ట్రెయిటనర్ తక్కువ వేడిమీద వాడండి. నెలకు సుమారు ఒక్క సెంటీమీటరు పెరిగే జుట్టమ్మా! పావుగంట ఆదాకోసం ఏళ్లనాటి జడను పోగొట్టుకుంటామా?