ఊరుమ్మడి కొలను పెరట్లోకి ఎలా వచ్చింది

ఏప్రిల్ ఆఖరుకల్లా న్యూజెర్సీలో మా వీధి పెరళ్లలో చిన్న మోటార్ల చప్పుడు మొదలవుతుంది. చలికాలమంతా ఈతకొలనుల మీద బిగించి ఉంచిన కవర్ల పైన మంచు కరిగిన నీళ్లూ వాననీళ్లూ నిలిచి, వాటిలో ఆకులు కుళ్లి ఉంటాయి. ముందు వాటిని తోడెయ్యాలి. మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే. యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకోవాల్సిన రోజది, కానీ జనం లెక్కలో ఈతలకు అదే ముహూర్తం. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే వెళ్లగానే చాలామంది మళ్లీ కవర్లు కప్పేస్తారు. మూడు నెలల సరదాకి ఏడాది పొడుగునా చాకిరీ. "ఏరా, ఎవరికి వాళ్లు పెరట్లో గొయ్యి తవ్వించుకునే బదులు మునిసిపాలిటీ వాళ్లే ఊరందరికీ ఒకటి కట్టొచ్చుగా?" అని మా పెద్దమ్మ కాకినాడ నుంచి ఫోనులో అడిగింది. కట్టారు పెద్దమ్మా. కట్టాక ఏం జరిగిందో చెప్పాలంటే ఈ దేశపు చరిత్ర చెప్పాలి.

దానికన్నా ముందు కొలను తెరిచే పని చూద్దాం. కవరు తీశాక నీళ్లు పచ్చగా కనబడితే చాలామంది కంగారుపడి క్లోరిన్ గుమ్మరిస్తారు. పీహెచ్ 8 దాటిన నీళ్లలో క్లోరిన్ చాలావరకు వృథా. ముందు నీటిని పరీక్షించి పీహెచ్‌ని 7.2కీ 7.6కీ మధ్యకి తేవాలి, క్షారత 80 నుంచి 120 పీపీఎం ఉండేలా చూడాలి. క్షారత తక్కువైతే వంటసోడా కలుపుతాం. పీహెచ్ ఎక్కువైతే మ్యూరియాటిక్ యాసిడ్. ఇది మన దగ్గర బాత్‌రూమ్ గచ్చులు కడిగే యాసిడ్‌లాంటిదే, ఇక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతుంది. యాసిడ్‌ని నీళ్లలో పొయ్యాలి గానీ నీళ్లని యాసిడ్‌లో పొయ్యకూడదు. ఆ డబ్బాని గుర్తుపెట్టుకోండి, దానితో కాసేపట్లో పనుంది.

క్లోరిన్ వంతు ఆ తర్వాత, అదీ పొద్దువాలాక. ఎండకి క్లోరిన్ గంటల్లో విచ్ఛిన్నమైపోతుంది. అలా పోకుండా కాపాడేది సయనూరిక్ ఆమ్లం. అదీ మోతాదు మించితే క్లోరిన్‌ని పని చెయ్యనివ్వదు. గోడలు బ్రష్షుతో రుద్ది, ఫిల్టరు రాత్రింబవళ్లు తిప్పాలి. ప్రెషర్ గేజ్ శుభ్రంగా ఉన్నప్పటికన్నా 8, 10 పౌండ్లు పెరిగితే ఫిల్టర్‌ని ఎదురునీటితో కడగాలి. నాచు చచ్చాక నీళ్లు రెండుమూడు రోజులు పాలిపోయి మసకగా ఉంటాయి. అది మంచి లక్షణమే. క్లోరిన్ వెయ్యగానే నీళ్లు గోధుమరంగుకి తిరిగితే మాత్రం అది నాచు కాదు, బోరునీళ్లలోని ఇనుము. ఇంకా క్లోరిన్ వేసినకొద్దీ మరకలు పడతాయి. దానికి లోహాల్ని పట్టి ఉంచే మందు వేరే ఉంది.

ఇక మోటారు తిరుగుతూనే నీళ్లు లాగకపోవడం ప్రతి వసంతంలోనూ ఎవరో ఒకరింట్లో ఉండే గొడవ. చేలో ఆయిల్ ఇంజన్ పెట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎక్కడో గాలి లాగుతోందన్నమాట. పంపు మూత కింది రబ్బరు రింగు ఎండి పగిలిందేమో, చలికాలానికని తీసిన బిరడాలు తిరిగి బిగించారో లేదో చూసుకుని, పంపు నిండా నీళ్లు పోసి మూతపెట్టాలి. ఎంత విసుగొచ్చినా కొలను మొత్తం ఖాళీ చేసి కడుగుదామనుకోకూడదు. వసంతంలో భూమిలో నీరు పైకి ఉంటుంది. లోపలి బరువు పోతే కింది నీటి ఒత్తిడి కాంక్రీటు తొట్టిని అమాంతం పైకి లేపేస్తుంది.

ఈ క్లోరిన్ కథ మా రాష్ట్రంలోనే మొదలైంది. 1908లో జాన్ లీల్ అనే డాక్టరు జెర్సీ సిటీకి వెళ్లే తాగునీటిలో క్లోరిన్ కలిపించాడు. అమెరికాలో ఒక నగరానికంతటికీ ఇలా రోజూ కలపడం అదే మొదలు. ఆయన వాడింది మన పంచాయతీ వాళ్లు బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరే. జనం నీటిని నమ్మగలిగాక పెద్దపెద్ద బహిరంగ కొలనులు వచ్చాయి. 1930ల ఆర్థికమాంద్యంలో, నిరుద్యోగులకి పని చూపించడానికి పెట్టిన డబ్ల్యూపీఏ పథకం కింద దేశమంతటా కొలనులు తవ్వారు. ఒక్క న్యూయార్క్ నగరమే 1936 వేసవిలో పదకొండు తెరిచింది.

అయితే అందులో దిగేదెవరు? చరిత్రకారుడు జెఫ్ విల్ట్సీ 2007లో రాసిన 'కంటెస్టెడ్ వాటర్స్' చదివాకే నాకు ఈ ముడి విడింది. ఈ పెద్ద కొలనులు రాకముందు ఉత్తరాది నగరాల్లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరు రోజులుండేవి. ఆ రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఈదిన చోట్లున్నాయి. ఆడా మగా ఒకే నీళ్లలో దిగడం మొదలయ్యాకే నల్లవాళ్లని బయట ఉంచడం గట్టిపడిందంటాడాయన. మురికి, రోగాలు పైకి చెప్పిన సాకులు. అసలు భయం నల్ల మగవాడు తెల్ల ఆడదాని పక్కన ఈదడం. కారంచేడు నరమేధానికి దారితీసిన గొడవ 1985లో మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైందని తెలిసిన మనకి, నీళ్ల దగ్గర మనుషులు ఇలా ఎందుకవుతారో విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇదంతా దక్షిణాది రాష్ట్రాల పాపమని ఇక్కడివాళ్లు చేతులు దులుపుకుంటారు. హడ్సన్ నదికి ఈ ఒడ్డున, మా రాష్ట్రంలోనే, పాలిసేడ్స్ అమ్యూజ్‌మెంట్ పార్కులో పేరుమోసిన ఉప్పునీటి కొలను ఉండేది. నల్లవాళ్లు టికెట్ అడిగితే ఇది క్లబ్బు సభ్యులకి మాత్రమే అనేవారు. తెల్లవాళ్లని ఏ సభ్యత్వమూ అడిగేవారు కాదు. 1947లో కోర్ అనే పౌరహక్కుల సంస్థ కార్యకర్తలు ఆ గేటు ముందు నిరసనలు చేసి దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. సెయింట్ లూయీ నగరం 1949 జూన్ 21న ఫెయిర్‌గ్రౌండ్ పార్కు కొలనులోకి నల్ల పిల్లల్ని రానిస్తే, సాయంత్రానికి తెల్లవాళ్ల గుంపులు కర్రలతో వచ్చి దొరికినవాళ్లని దొరికినట్టు కొట్టాయి.

ఇప్పుడు ఆ యాసిడ్ డబ్బా. 1964 జూన్ 18, ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్. మార్టిన్ లూథర్ కింగ్‌ని వారం ముందు అరెస్టు చేసిన మాన్సన్ మోటార్ లాడ్జ్‌లో, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఈతకొలనులో దూకారు. మేనేజరు జేమ్స్ బ్రాక్ మ్యూరియాటిక్ యాసిడ్ తెచ్చి నీళ్లలో పోశాడు. అన్ని వేల గ్యాలన్లలో అది పలచబడిపోతుందని కొలను నడిపేవాడికి తెలియకుండా ఉండదు, కావాల్సింది భయపెట్టడం. అతను యాసిడ్ పోస్తున్న ఫోటో ప్రపంచమంతా చూసింది. మర్నాడే సెనేట్ పౌరహక్కుల బిల్లుని ఆమోదించింది. జులై 2న చట్టమైంది.

చట్టం తలుపులు తెరవమంది సరే, తలుపే లేకుండా చేస్తే? మిసిసిపీలోని జాక్సన్ నగరం ఆ చట్టానికి ముందే, ఒక కోర్టు తీర్పు వచ్చాక, అందరినీ రానివ్వడానికి బదులు తన ఈతకొలనుల్ని మూసేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1971లో పామర్ వర్సెస్ థాంప్సన్ తీర్పులో అయిదుగురు జడ్జీలు నలుగురి మీద నెగ్గి చెప్పిందేమిటంటే, అందరికీ సమానంగా మూశారు కాబట్టి అది వివక్ష కాదట. న్యాయశాస్త్రం చదవని మా పెద్దమ్మ కూడా దీన్ని ఒప్పుకోదు.

సరిగ్గా ఈ గొడవలు నడిచిన ఏళ్లలోనే నీళ్లు పెరళ్లలోకి మారాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శివార్లలో ఇళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. సిమెంటుని గొట్టంతో చిమ్మి తొట్టి కట్టే పద్ధతితో ఖర్చు తగ్గింది. ప్రభుత్వ హామీ ఉన్న గృహరుణాలు చాలావరకు తెల్లవాళ్లకే దక్కాయి. ఈతకొలనుల క్లబ్బులు సభ్యుల్ని ఏరుకున్నాయి. పెరటి కొలనుకి సాంకేతిక కారణాలూ ఉన్నాయి, కాదనను. కానీ ఊరుమ్మడి కొలనుని పంచుకోవడం ఇష్టంలేక పక్కకి తప్పుకున్నవాళ్లు లేకపోతే ఇన్ని గోతులు పడేవి కావని నా నమ్మకం. దాని ఫలితం ఇప్పటికీ లెక్కల్లో కనిపిస్తుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల నల్లపిల్లలు ఈతకొలనుల్లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లల కంటే 5.5 రెట్లు. ఈత రాని తల్లిదండ్రుల పిల్లలకి ఈత నేర్పేదెవరు?

మనం ఈ పెరళ్లలోకి వచ్చిన దారి కూడా అదే పోరాటం వేసింది. 1946 నుంచి భారతీయులకి ఏడాదికి 100 మంది కోటా. ఆ జాతుల వారీ కోటాల్ని 1965 వలసచట్టం ఎత్తేసింది; పౌరహక్కుల ఉద్యమం ఊపు లేకుండా ఆ చట్టం వచ్చేది కాదు. మన సంఘాల సభల్లో దీని ఊసు ఎత్తేవాళ్లు తక్కువ.

సొంత నీళ్లు ఎల్లకాలం సొంతంగా ఉంటాయనీ లేదు. 2007లో ఇళ్ల అప్పులు మునిగినప్పుడు కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల జనం ఇళ్లొదిలి పోయారు. వాళ్ల కొలనులు పచ్చబడ్డాయి, దోమలు పెరిగాయి, వెస్ట్ నైల్ జ్వరాలు ఎక్కువయ్యాయి. విమానాల నుంచి ఫోటోలు తీసి ఆ పచ్చమడుగుల్ని వెతికి పట్టాల్సి వచ్చింది. పంచుకోనన్న నీళ్లకి చివరికి ప్రభుత్వమే దిక్కయింది. ప్రభుత్వంవాళ్లు ఆ మడుగుల్లో వదిలింది దోమల లార్వాల్ని తినే గంబూసియా చేపల్ని. వాటి పుట్టిల్లు అమెరికాయే. దాదాపు నూరేళ్ల కిందట ఇండియా చేరాయి. ఇప్పుడు మన మునిసిపాలిటీల వాళ్లు కూడా డెంగీ, మలేరియా కాలంలో గుంటల్లో వేస్తున్నారు. ఇక్కడ కొన్ని కౌంటీల్లో ఉచితంగానే ఇస్తారు. ఈ ఏడాది కొలను తెరిచే ఓపిక లేనివాళ్లు అడిగి తెచ్చుకోవచ్చు. నీళ్లలో క్లోరిన్ మాత్రం ఉండకూడదు, చేపలు బతకవు.