ట్రాక్టర్ లాగుతుంది సరే.. ఆపగలదా? ట్రాలీ బరువు లెక్క ఇలా చూసుకోండి

నంద్యాలలో కట్టుకుంటున్న ఇంటికి బేతంచెర్ల నుంచి నాపరాళ్లు తెప్పిస్తున్నారా? ఆళ్లగడ్డలో చెక్కించిన విగ్రహాన్ని ఊరికి తీసుకెళ్తున్నారా? బండి మాట్లాడేటప్పుడు అందరూ ముందు అడిగేది 'బాడుగ ఎంత?' అనే. 'ఈ బరువుకు ఈ బండి సరిపోతుందా?' అని అడిగేవారు తక్కువ. ప్రమాదం జరిగినా, జరిమానా పడినా మూలం ఆ రెండో ప్రశ్నలోనే ఉంటుంది.

రాయి బరువు ఎంత?

ఒక ఘనపుటడుగు రాయి ఇంచుమించు 75 కిలోలు తూగుతుంది. అంటే ఒక వడ్ల బస్తా అంత. అంగుళం మందం నాపరాళ్లు 1,000 చదరపు అడుగులకు కావాలంటే సుమారు 83 ఘనపుటడుగుల రాయి. బరువు 6 టన్నుల పైమాటే. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న ట్రాలీలో ఇది అడుగున్నర ఎత్తు కూడా రాదు. 'ఇంకా సగం ఖాళీగానే ఉంది' అనిపించే చోటే ఓవర్‌లోడ్ అయిపోతుంది.

విగ్రహమైతే పొడవు, వెడల్పు, మందం అడుగుల్లో కొలిచి గుణించండి. 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల మందం ఉన్న దిమ్మె 2,700 కిలోలు. చెక్కాక కొంత తగ్గుతుంది. అయినా ముందు దిమ్మె లెక్కే వేసుకోవడం మేలు.

ఆర్‌సీలో ఏం చూడాలి?

ట్రాక్టర్‌కు, ట్రాలీకి వేర్వేరు రిజిస్ట్రేషన్ ఉంటుంది. ట్రాలీ ఆర్‌సీలో ఖాళీ బరువు, లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు ఉంటాయి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే ఎంత ఎక్కించవచ్చో తెలుస్తుంది. ఉదాహరణకు మొత్తం 6,000, ఖాళీ 1,500 కిలోలైతే లోడు 4,500 కిలోలు. అంటే 60 బస్తాల వడ్లు, లేదా 60 ఘనపుటడుగుల రాయి. పైన చెప్పిన నాపరాళ్లకు రెండు ట్రిప్పులు తప్పవు.

వర్క్‌షాపులో చెప్పి చేయించిన ట్రాలీలతో ఇంకో చిక్కు ఉంది. మందం రేకు వేసినా, పక్క పలకలు ఎత్తు పెంచినా ఖాళీ బరువు పెరుగుతుంది, ఎక్కించగల లోడు ఆ మేరకు తగ్గుతుంది. అందుకే ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కాటా వేయించండి. అనుమతి లేకుండా వాహనంలో మార్పులు చేయడం కూడా నేరమే.

హార్స్‌పవర్ ఒక్కటే చాలదు

45-50 హార్స్‌పవర్ ట్రాక్టర్ సొంత బరువు దాదాపు 2 టన్నులు. వెనక 6 టన్నులుంటే తనకు మూడింతల బరువును అది ఆపాలి. ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే దిగుడులో ఆ బరువు ట్రాక్టర్‌ను వెనక నుంచి తోసేస్తుంది, పక్కకు తిప్పేస్తుంది. నంద్యాల - గిద్దలూరు నల్లమల ఘాట్‌లో ఇది ప్రాణాంతకం. అందుకే తయారీ సంస్థ మాన్యువల్‌లో ఎంత బరువు లాగవచ్చని చెప్పిందో చూడాలి. ఆర్‌సీ పరిమితి, మాన్యువల్ పరిమితుల్లో ఏది తక్కువైతే దాన్నే పాటించాలి.

కారు వెనక తగిలించే క్యారవాన్‌కూ ఇదే సూత్రం. మంచాలు, సామాను, నీళ్లు అన్నీ ఎక్కాక తూకం వేయాలి. 200 లీటర్ల నీళ్లంటేనే 200 కిలోలు.

జరిమానా ఎంత?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 ప్రకారం ఓవర్‌లోడ్‌కు రూ.20,000, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు మరో రూ.2,000. దింపే ఖర్చూ మీదే. అదనపు లోడు దింపే వరకు బండి కదలనివ్వరు. తూకానికి ఒప్పుకోకపోతే రూ.40,000. ఇది నడిపిన వారికే కాదు, నడిపించిన వారికీ వర్తిస్తుంది.

బయల్దేరే ముందు

* బరువు ఇరుసు మీద పడేలా సర్దండి. రెండు చక్రాల ట్రాలీలో అంతా వెనక చివరే పేరిస్తే ముందు కొక్కెం పైకి లేస్తుంది.
* విగ్రహాన్ని గడ్డి మీద పడుకోబెట్టి కట్టండి.
* ట్రాక్టర్ రెండు బ్రేకు పెడల్స్‌ను కలిపి లాక్ చేయించండి.
* దిగుడులో న్యూట్రల్ వద్దు. ఎక్కేటప్పుడు వాడే గేరులోనే దిగాలి.
* లోడు మీద మనుషులను కూర్చోనివ్వకండి.

రెండో ట్రిప్పుకు బాడుగ అదనంగా అయ్యే మాట నిజమే. ఒక్క ఓవర్‌లోడ్ కేసుకు కట్టే జరిమానాతో పోల్చి చూసుకుని నిర్ణయించుకోండి.