జీతం, బత్తెం, ఇల్లు: సిపాయి కుటుంబాల ఆదాయ చరిత్ర

‘జీతబత్తేలు’ అని మనం ఒక్క ఊపిరిలో అనేస్తాం. అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. జీతం మనిషి చేసే కొలువుకు ఇచ్చేది. బత్తెం ఆ మనిషి ఉన్న చోటును బట్టి, అక్కడి తిండి ఖర్చును బట్టి, ఇల్లు విడిచి ఎంత దూరం పోయాడన్నదాన్ని బట్టి ఇచ్చేది. మిగతా కొలువుల్లో ఈ తేడా పెద్దగా పట్టించుకోవలసింది కాదు. సైన్యంలో మాత్రం రెండు శతాబ్దాలుగా తగాదాలన్నీ ఎక్కువగా బత్తెం చుట్టూనే తిరిగాయి.

ఈ పాఠం చదివే మీలో కొందరి ఇళ్ళలో సైన్యంలో చేరినవారు ఉండవచ్చు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల యువకులకు సైన్యంలో చేరే దారి విశాఖపట్నం ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం గుండా పోతుంది. అబ్బాయి ఎంపికయ్యాడనగానే ఇంట్లో మొదలయ్యే ప్రశ్నలు రెండే. నెలకు చేతికి ఎంత వస్తుంది? పెళ్ళయ్యాక భార్యాపిల్లలు ఎక్కడ ఉంటారు? ఈ రెండో ప్రశ్నను చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. యుద్ధాల చరిత్ర చాలా ఉంది, సిపాయి ఇంటి చరిత్ర తక్కువ.

కంపెనీ పటాలంలో

ఉత్తర సర్కారులు 1765–66 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. గోదావరి డెల్టా కూడా అందులో భాగమే. కంపెనీ ఇక్కడి మనుషులతో సిపాయి దళాలు కట్టింది. ‘బెటాలియన్’ అన్న మాట మన నోట ‘పటాలం’ అయింది కూడా ఈ కాలపు సంపర్కం వల్లనే.

ఆ రోజుల్లో సిపాయి కొలువులో చేరడమంటే ఒక ఒప్పందం. ఏ ప్రాంతంలో పనిచేయాలన్నది అందులో ముఖ్యాంశం. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో ఏం జరిగిందో చూడండి. హైదర్ అలీతో యుద్ధం కోసం అక్కడి సిపాయిలను ఓడలెక్కించి మద్రాసుకు పంపాలని అధికారులు నిర్ణయించారు. తాము సర్కారుల్లో పనిచేయడానికే చేరామని, సముద్రం మీద పోమని సిపాయిలు తిరగబడ్డారు. దీన్ని కేవలం కట్టుబాటు లేని దండు అల్లరిగా చూస్తే మనకు అర్థమయ్యేది తక్కువ. ఓడ ఎక్కిన సిపాయి ఇంటికి జీతం ఎలా చేరుతుంది, అతను తిరిగి రాకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది అన్న ప్రశ్నలకు ఆనాటికి నమ్మదగిన జవాబు లేదన్న విషయం కూడా కలిపి చూడాలి.

పందొమ్మిదో శతాబ్దంలో పదాతి సిపాయి జీతం నెలకు 7 రూపాయలు. అది కూడా పూర్తిగా చేతికి వచ్చేది కాదు. తిండి తనే కొనుక్కోవాలి, దుస్తుల కోసం కోతలుండేవి. ఉండటానికి ప్రభుత్వం ఇల్లు కట్టి ఇచ్చేది కాదు. కంటోన్మెంటులో ‘లైన్లు’ అని స్థలం చూపించి, గుడిసె కట్టుకోవడానికి కొంత సొమ్ము ఇచ్చేవారు. ఈనాటి ఇంటద్దె భత్యానికి తాతముత్తాతలను వెతికితే మొదట కనిపించేది ఆ గుడిసె సొమ్మే. పటాలం మరో ఊరికి బదిలీ అయితే గుడిసె కూడా చేయి మారేది.

ఇక్కడ మద్రాసు సైన్యానికీ, బెంగాల్ సైన్యానికీ ఉన్న తేడాను మీరు గుర్తుపెట్టుకోవాలి. బెంగాల్ సిపాయి సాధారణంగా కుటుంబాన్ని ఊళ్ళోనే వదిలి వచ్చేవాడు. మన మద్రాసు సిపాయి భార్యాపిల్లలను, కొన్నిసార్లు తల్లిదండ్రులను కూడా వెంటబెట్టుకుని లైన్లలో కాపురం పెట్టేవాడు. కాబట్టి బెంగాల్ సిపాయికి బదిలీ అంటే ఒక మనిషి ప్రయాణం. మద్రాసు సిపాయికి ఒక సంసారం మొత్తం ప్రయాణం. బళ్ళ కిరాయి, దారి ఖర్చు, కొత్త గుడిసె, కొత్తచోట బియ్యం ధర, ఇవన్నీ ఆ 7 రూపాయల మీదే పడేవి. దూరప్రాంతాల్లో పనిచేసినప్పుడు ఇచ్చే ‘బత్తా’ (మన బత్తెమే) అందుకే అంత కీలకమైంది.

1843–44లో ఇది బద్దలైంది. సింధు ప్రాంతం కంపెనీ వశమైన తరువాత అక్కడికి మద్రాసు పటాలాలను కూడా పంపాలనుకున్నారు. 47వ మద్రాసు పటాలం అసలు బర్మా వైపు వెళ్ళవలసింది. సముద్రం దాటి బర్మాలో పనిచేసేవారికి అదనపు బత్తెం ఉండేది. పటాలాన్ని సింధుకు మళ్ళించినప్పుడు మద్రాసు గవర్నరు ట్వీడేల్, అదే స్థాయి సదుపాయాలు ఉంటాయని మాట ఇచ్చాడు. ఆ మాట నమ్మి సిపాయిలు తమ జీతంలో ఇంటివాళ్ళకు ముట్టవలసిన వాటాను ముందే రాయించి ఓడ ఎక్కారు. బొంబాయికి చేరాక తెలిసింది, పై ప్రభుత్వం ఆ మాటకు ఒప్పుకోలేదని. ఇంటి వాటా పోగా చేతిలో తిండికి సరిపడా మిగలని పరిస్థితి. కవాతు మైదానంలోనే తిరగబడ్డారు. కొంత సొమ్ము ముందస్తుగా ఇచ్చి శాంతపరచవలసి వచ్చింది.

అదే కాలంలో 6వ మద్రాసు అశ్వికదళానిది మరో కథ. కాంప్టీ నుంచి బయలుదేరిన ఆ దళాన్ని జబల్పూరుకు పంపారు. కొద్దికాలమే కదా అని కుటుంబాలను వెనక వదిలి వెళ్ళారు. తీరా అక్కడే ఉండిపోవాలన్నారు, అదీ తక్కువ బత్తెం మీద. ఒకే జీతంతో రెండు కాపురాలు నడపడం ఎంత కష్టమో ఊహించండి. ఈ రెండు ఘటనల్లోనూ జీతం ఒక్క పైసా తగ్గలేదు. తగ్గింది బత్తెం. దెబ్బ తగిలింది ఇంటికి.

ఇంటికి పంపే వాటా

1857 తరువాత సైన్యం పునర్వ్యవస్థీకరణ గురించి మీరు వేరే పాఠంలో చదివారు. మన విషయానికి కావలసినవి కొన్నే. సిపాయి జీతం 1895లో 7 నుంచి 9 రూపాయలకు, 1911 నాటికి 11 రూపాయలకు పెరిగింది. ఒక శతాబ్దంలో పెరిగింది 4 రూపాయలు! ధాన్యం ధర మరీ పెరిగితే నష్టపరిహారంగా కొంత ఇచ్చే పద్ధతి ఉండేది. నేటి కరువు భత్యం ఆలోచన దాన్నుంచే ఎదిగిందని చెప్పవచ్చు. 1880లో మనియార్డరు వచ్చాక జీతం ఊరు చేరే దారి సులువైంది. తపాలా బంట్రోతు రాక సిపాయి ఇంటికి నెలవారీ పండుగ అయింది. ఈలోగా ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం వల్ల తెలుగువారి చేరికలు బాగా పడిపోయాయి.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ తలుపును మళ్ళీ కొంత తెరిచింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ పెద్దసంఖ్యలో యువకులు వెళ్ళారు. దాన్ని ఇప్పటికీ మిలటరీ మాధవరమనే పిలుస్తారు. ఆ యుద్ధంలో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు, దాని మీద యుద్ధరంగంలో బత్తెం. ఉచిత రేషన్ 1917లో గానీ రాలేదు. బ్రిటిష్ సైనికుడు యుద్ధానికి పోతే అతని భార్యకు ప్రభుత్వం ఎడబాటు భత్యం విడిగా ఇచ్చేది. భారతీయ సిపాయి ఇంటికి చేరేది మాత్రం అతని సొంత జీతంలోంచి కోసి పంపిన ‘ఫ్యామిలీ అలాట్‌మెంట్’. రెండూ ఇంటికి చేరిన డబ్బే అయినా ఒకటి అదనం, ఒకటి మినహాయింపు.

యుద్ధం కోనసీమను తాకిన తీరుకు ఒక చిన్న గుర్తు చెబుతాను. కాకినాడ నుంచి కోటిపల్లి రేవు దాకా వేసిన రైలు పట్టాలను 1940లో యుద్ధ అవసరాలకని ఊడదీసుకుపోయారు. రేవు దాటితే రైలు దొరికే సౌకర్యం కోనసీమవాసులకు 2004 దాకా మళ్ళీ రాలేదు.

స్వతంత్ర భారతంలో

1947 తరువాత సైనికుల జీతాలను చాలాకాలం విడి కమిటీలు చూసేవి. మూడో వేతన సంఘం (1973) నుంచి సైనికుల జీతాలు కూడా పౌర ఉద్యోగులతో పాటు వేతన సంఘం పరిధిలోకి వచ్చాయి. ఆరో వేతన సంఘం సమయంలో ‘మిలిటరీ సర్వీస్ పే’ అన్న కొత్త అంశం చేరింది. సైనిక జీవితంలోని ప్రత్యేక కష్టానికి ఇచ్చే మొత్తం అది.

ఏడో వేతన సంఘం ప్రకారం సిపాయి మూలవేతనం 21,700 రూపాయలతో మొదలవుతుంది. మిలిటరీ సర్వీస్ పే 5,200. ఈ రెండింటి మీదా కరువు భత్యం వస్తుంది. 2024 జనవరిలో అది 50 శాతానికి చేరినప్పుడు లెక్క వేస్తే 26,900కు 13,450 కలిసి 40,350 అవుతుంది. ఇందులోంచి భవిష్యనిధి, సామూహిక బీమా వంటివి మినహాయిస్తారు.

ఇంటి విషయానికొద్దాం. శాంతి ప్రాంతంలో పనిచేసే వివాహిత సైనికునికి ప్రభుత్వ క్వార్టర్ ఇవ్వాలన్నది సూత్రం. క్వార్టర్లు చాలవు, వరుసలో నిలబడాలి. ఈ కొరత తీర్చడానికే 2002లో వివాహిత సైనికుల నివాస పథకం మొదలుపెట్టి, త్రివిధ దళాలకు కలిపి సుమారు 2 లక్షల ఇళ్ళు దశలవారీగా కట్టాలని తలపెట్టారు. క్వార్టర్ దొరికినవారికి ఇంటద్దె భత్యం ఉండదు. దొరకనివారికి, సరిహద్దు ప్రాంతంలో ఉంటూ కుటుంబాన్ని వేరేచోట ఉంచినవారికి నిబంధనలకు లోబడి భత్యం వస్తుంది. చాలా ఇళ్ళలో ఈ చిన్న విషయం దగ్గరే అపార్థం వస్తుంది. ‘వాళ్ళబ్బాయికి ఇంటద్దె వస్తోంది, మావాడికి రావట్లేదు’ అంటారు. ఆ రెండో అబ్బాయి భార్యతో క్వార్టర్‌లో ఉన్నాడన్న సంగతి మరిచిపోతారు.

భత్యం ఎంత అన్నది ఊరిని బట్టి ఉంటుంది. జనాభా లెక్కన ఊళ్ళను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులు చేశారు. హైదరాబాదు ఎక్స్, విశాఖపట్నం వై. అమలాపురం, రాజోలు, కొత్తపేట అన్నీ జెడ్. 2017లో రేట్లు మూలవేతనంలో 24, 16, 8 శాతం. కరువు భత్యం 50 శాతానికి చేరాక అవి 30, 20, 10 శాతమయ్యాయి. మూలవేతనం 21,700 మీద మాత్రమే లెక్కిస్తే జెడ్ ఊరికి 2,170, ఎక్స్ నగరానికి 6,510. 2017లో 8 శాతం చొప్పున 1,736 మాత్రమే వచ్చేది గనుక, కనీసం 1,800 ఇవ్వాలని అప్పుడే ఒక కింది హద్దు పెట్టారు. కింది స్థాయి జీతాల వారి కోసం పెట్టిన హద్దు అది. కుటుంబం సొంతఊళ్ళో ఉండాలా, చదువుల కోసం పట్నంలో ఉండాలా అని తేల్చుకునేటప్పుడు ఈ శాతాలు నిజంగానే లెక్కలోకి వస్తాయి.

అగ్నివీరుని లెక్క

2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. కోనసీమ విడి జిల్లాగా ఏర్పడినది కూడా ఆ ఏడాదే. అగ్నివీరునిగా చేరేవాడు అవివాహితుడై ఉండాలి. కొలువు నాలుగేళ్ళు. ఆ తరువాత గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే శాశ్వతంగా తీసుకుంటారు.

మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000 అని పత్రికల్లో చదివి ఉంటారు. చేతికి వచ్చేది మొదటి ఏడాది 21,000, నాలుగో ఏడాది 28,000. మిగిలిన 30 శాతం సేవానిధికి పోతుంది. ప్రభుత్వమూ అంతే కలుపుతుంది. నాలుగేళ్ళకు అగ్నివీరుని వాటా 5.02 లక్షలు, ప్రభుత్వ వాటా 5.02 లక్షలు, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు ఒక్కసారిగా వస్తాయి. కరువు భత్యం లేదు, మిలిటరీ సర్వీస్ పే లేదు, నాలుగేళ్ళకే బయటికి వచ్చేవారికి పింఛను లేదు. రేషన్, దుస్తులు, ప్రయాణం, కష్టప్రాంతాలకు చెందిన భత్యాలు ఉంటాయి. 48 లక్షల జీవితబీమా ఉంటుంది.

దీన్ని మంచిదనో చెడ్డదనో తేల్చడం ఈ పాఠం పని కాదు. కానీ చరిత్ర విద్యార్థిగా మీరు ఒకటి గమనించాలి. కంపెనీ కాలం నుంచి సిపాయి ఆదాయంలో కుటుంబం కోసం చేరుతూ వచ్చిన అంశాలు, అంటే గుడిసె సొమ్ము, ధాన్యపు పరిహారం, క్వార్టర్, ఇంటద్దె, పింఛను, ఇవి చాలావరకు ఈ లెక్కలో కనిపించవు. వాటి స్థానంలో చివర ఒకే మొత్తం ఉంది. ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికో, ఇల్లు కట్టడానికో అప్పు చేసేవారు 30,000 అంకె చూసి వాయిదా రాయించుకుంటే నెలనెలా 9,000 తక్కువ పడుతుంది. 1844లో బొంబాయి రేవులో ఆ పటాలానికి ఎదురైన లెక్క కూడా ఇలాంటిదే. అప్పుడు మాట తప్పినవారున్నారు, ఇప్పుడు నిబంధన ముందే అచ్చయి ఉంది, అంతే తేడా.

అభ్యాసం

మీ మండలంలో సైన్యంలో పనిచేసిన రెండు తరాల కుటుంబాలను కలవండి. పేర్లు రాయనవసరం లేదు. పెద్దవారిని మనియార్డరు రోజుల గురించి అడగండి: ఎంత వచ్చేది, ఎవరి పేర వచ్చేది, సంతకం ఎవరు పెట్టేవారు? చిన్నవారి జీతం స్లిప్పును వారి అనుమతితో చూసి, అందులోని ఒక్కొక్క వరుసను జీతం, బత్తెం, మినహాయింపు అని మూడు భాగాలుగా విడదీయండి. ఇంటద్దె వరుస ఉందా? లేకపోతే ఎందుకు లేదో అడిగి తెలుసుకుని, వారి మాటల్లోనే ఒక పుటకు మించకుండా రాసి తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.